విప్పి చూసి కొన్న రిమోటు లారీ

మా ఆయన మద్దిలేటిని దోవలో చూస్తే మీరు రెండోసారి తిరిగి చూడరు. సన్నగా ఉంటాడు, నూనె మరకల చొక్కా, అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఈయప్ప టెస్టరు పెట్టుకుంటాడు. గుమ్మఘట్ట రోడ్డు పక్కన మాకొక రేకుల కొట్టముండాది. రైతులు కాలిపోయిన బోరుమోటార్లు తెస్తారు. పాత తీగె పీకేసి కొత్త తీగె చుట్టేది ఆయన పని. మాట పెగలదు మనిషికి. నాకేమో నోరు ఎక్కువ. మా అత్త బతికుండగా అంటాండె, "మల్లీశ్వరీ, మీ ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడేస్తావు గదే" అని. నిజమే. ఈ కత గూడా ఆయన చెప్పల్లంటే రెండు ముక్కల్లో అయిపోతాది. అందుకే నేను చెప్తాండా.

ఆయనకొక జబ్బుండాది. ఏ వస్తువైనా సరే, విప్పి లోపల చూడందే కొనడు. అంగడికి పోయేటప్పుడు సంచి మరిచిపోతాడు గానీ స్క్రూడ్రైవరు మరిచిపోడు. రాయదుర్గంలో సగం మంది అంగళ్లోల్లు ఆయన్ను చూస్తానే, "స్వామీ, ఇంకా బోణీ కాలేదు, రేపు రాప్పా" అని దండం పెడతారు. పక్కన నిలబడేకి నాకు సిగ్గయితాది. మిక్సీ కొనేకి పోయి మూడు గంటలు నిలబెట్టినాడు నన్ను. ఆ మిక్సీ ఈ పొద్దుకీ తిరుగుతాంది, అది వేరే మాట.

పెండ్లిచూపుల నాడు గూడా అంతే. మా పుట్టినిల్లు కణేకల్లు. నేను కాఫీ గ్లాసులు తట్టలో పెట్టుకోని భయంభయంగా వస్తే, పెండ్లికొడుకు తలెత్తలేదు. మా నాయన రేడియో గూట్లో గరగరమంటాండె. దాన్ని దించి ఒళ్లో పెట్టుకోని, వెనక మూత విప్పి, లోపల దూరిపోయినాడు. "ఈయప్ప పిల్లను చూసేకి వచ్చినాడా, రేడియోను చూసేకి వచ్చినాడా?" అని మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునె. కాసేపటికి రేడియో గణగణ పలికింది. మా నాయన అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. నన్ను ఎవురూ అడగలేదు.

పెండ్లయినాక ఒకనాడు దెప్పినా. "అన్నీ విప్పి చూసి తెచ్చుకుంటావు, నన్నొక్కదాన్ని చూడకుండానే ఎట్ల తెచ్చుకుంటివి?" అని. ఆయన తీగె చుడుతూనే, "మీ రేడియో లోపల దుమ్ము లేదు. ఎవురో మూత తీసి మరీ తుడిచినారు. అది నువ్వేనని మీ అమ్మ చెప్పె. ఇంకేం చూడల్ల?" అన్నాడు. ఆ మాట విని నేను వంటింట్లోకి పోయి ఊరికే నిలబడుకున్యా.

ఇంక అసలు సంగతికి వస్తా. రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలం. అప్పటికి మూడేండ్లుగా వాన మొగం సరిగా చూసింది లేదు. వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయె. బోర్లు ఒకటెనక ఒకటి ఎండిపోయె. నీళ్లు లేని బోరులో మోటారు ఆడితే కాలిపోతాది. కాలితే మా కొట్టానికి వస్తాది. ఊరంతా ఏడుస్తాంటే మా కొట్టంలో మాత్రం చేతినిండా పని. "మల్లీ, ఊరు ఎండితే మనకు కూడు. ఇదేం బతుకే" అని ఒకనాడు అన్నం ముందర చేయి ఆపి కూర్చున్నాడు. నేను ఆయన చేయి పట్టుకోని మళ్లీ కంచంలో పెడితి.

ఆ ఎండలోనే హనుమక్క కాలు విరిగింది.

హనుమక్క అంటే మా ఊర్లో గొర్రెలు కాసే ఆయమ్మ. మొగుడు పోయి చాలా ఏండ్లాయె. అరవై జీవాలు ఆయమ్మకు. ప్రతిదానికీ ఒక పేరుంటాది. ఊరికి పడమటగా గుండ్లకొండ ఉండాది. దాని మీద, పెద్ద పెద్ద గుండ్ల నడుమ ఒక దొన. దొనంటే రాతిలో దేవుడు తొలిచిన తొట్టి అనుకోండి. లోతెంతో ఎవురికీ తెలీదు. ఎంత కరువొచ్చినా అందులో నీళ్లు ఇంకవు. అయితే ఆ నీళ్ల ముందర నలభై అడుగుల నున్నటి గుండు గోడ మాదిరి నిలబడుకోని ఉంటాది. దానికి ఎప్పుడో పాతకాలంలో మెట్లు మెట్లుగా కాలు పట్టేంత గుంతలు తొలిచినారు. జీవాలు ఎక్కలేవు. హనుమక్క రోజూ బిందెతో ఆ గుండెక్కి, అవతల నీళ్లు ముంచి, మళ్లీ దిగొచ్చి, కింద రాతితొట్టి నింపుతాండె. ఉగాది దాటినాక ఒక పొద్దు కాలు జారె. మోకాలు పోయె.

ఊరోల్లు వంతులేసుకోని నాలుగు రోజులు మోసినారు. ఐదోనాడు ఎవురి పనుల మీద వాళ్లు పోయినారు. వాళ్లనేం అనలేం. వాళ్ల ఇండ్లకే ట్యాంకరు నీళ్లు చాలేవి కావు. ఆమీట తీరికున్నోల్లు పోసే నాలుగు బిందెలతోనే జీవాలు ప్రాణం నిలుపుకున్యాయి. హనుమక్క రాయదుర్గంలో గొర్రెలు కొనే యాపారి పెద్దన్నకు కబురు పంపింది. "వచ్చే బేస్తవారం లారీ తెచ్చి అన్నీ ఏసుకోని పో" అని. అవి కటికోల్ల దగ్గరికి పోతాయని ఆయమ్మకు తెలుసు. కబురు పంపిన రోజు నేను పలకరించేకి పోతే, మంచంలో గోడవైపు తిరిగి పండుకోని, "మల్లీశ్వరీ, పేర్లు పెట్టకుండా ఉండాల్సింది నేను" అన్నది. ఇంటికొచ్చి మా ఆయనకు ఆ మాట చెప్తి. ఆయన చెప్పులేసుకోని గుండ్లకొండకు పోయినాడు.

ఆ పెద్ద గుండు అడుగున ఒక సందు ఉండాది. మూరెడు వెడల్పు. ఇవతల నుంచి అవతల దొన గట్టు దాకా పోతాది. అందులో పైపు దూరిస్తే చాలు, నీళ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి. గుండు మీద నుంచి పైపు ఏస్తే అంత ఎత్తు నీళ్లు ఎక్కవు. ఇంజను పెట్టల్లంటే పైకి మోసేదెవురు, రోజూ డీజిలు పోసేదెవురు? సందే దారి. అయితే దాని లోపల రెండు వంకర్లు, అడుగునంతా రాళ్లు. అప్పటికే ఊరోల్లు నల్లపైపు తోసి చూసినారు. రెండో వంకర కాడ మడత పడిపోయె. దారం అవతలికి చేరితే దాంతో పైపు లాగచ్చని, మా ఊరి తిప్పయ్య మామ ఒక పిల్లి నడుముకు దారం కట్టి తోలినాడు. ఆ పిల్లి సగందాకా పోయి, ఎనక్కి తిరిగి, తిప్పయ్య మామ మొగం గీరి పారిపోయె. పాములుంటాయని మనుషులు చేయి పెట్టేకే భయపడతారు.

రెండు రోజులకు మా కొట్టం ముందర నేను చూసిన చోద్యం చెప్తా. ఎవురో రిపేరికి ఇచ్చిన రిమోటు కారు పెట్టుకోని, నలభై ఏండ్ల మనిషి, నా పొయ్యిరాళ్ల మీద ఎక్కిస్తాండాడు! అది సర్రున పోతాది, రాయికి తగిలి బోర్లా పడతాది. మళ్లీ పెడతాడు, మళ్లీ పడతాది. "ఏమయ్యా, నీకేమన్నా గాలి సోకిందా?" అని నేను అరిస్తే, "దీనికి పొగరు ఎక్కువ, బలం తక్కువ" అన్నాడు. "రాయి ఎక్కేదానికి ఉరుకు పనికి రాదు. నిదానంగా పొయ్యేది కావల్ల. బళ్లారికి పోదాం రా."

బళ్లారి బజారులో ఆటసామాన్ల అంగడి శెట్టి మమ్మల్ని చూసి మర్యాదగానే కూర్చోబెట్టినాడు. వరసగా రిమోటు బండ్లు దించినాడు. అందులో ఒక ఎర్ర లారీ ఉండె. ఎంత పెద్ద చక్రాలని! సైరను కొడతాది, నెత్తిన లైట్లు తిరుగుతాయి. నేను దానికే పడిపోతి. "ఇదే తీసుకుందామయ్యా" అంటి. ఆయన దాన్ని చూడను గూడా చూడలేదు. శెట్టిని అడిగినాడు, "అన్నా, చెడిపోయి తిరిగొచ్చినవి ఉంటాయే, అవి చూపిస్తావా?" అని.

శెట్టి మొగం మాడిపోయె. "ఏనప్పా, కొత్తవి చూపిస్తాంటే ముక్కలు అడుగుతావు?" అన్నాడు. అయినా లోపల్నుంచి ఒక గోనెసంచి ఈడ్చుకోనొచ్చి కుమ్మరించె. అంతా విరిగిన బండ్లే. మా ఆయన నేల మీద బాసిపట్టలేసుకోని కూర్చుని ఒక్కొక్కటే విప్పినాడు. ఎర్ర లారీలే ఆరు ఉండె ఆ కుప్పలో. ఆరింటికీ లోపల పండ్లచక్రాలు, అదే గేర్లు, ప్లాస్టిక్కువి, అరిగి నున్నగా అయిపోయినాయి. "చూస్తివా?" అన్నట్ల నా మొగం చూసినాడు. నేను వేరే దిక్కు చూస్తి.

"ఈ కుప్పలో లేని బండి ఏదుంది నీ అంగట్లో?" అని అడిగె.

శెట్టి నవ్వి, పై అరలో నుంచి మట్టిరంగు లారీ ఒకటి దించినాడు. దాని మీద వేలెడు దుమ్ము. "ఇదొక్కటే ఉండాది. రెండేండ్లాయె వచ్చి. నత్త మాదిరి పోతాది. పిల్లకాయలు చూసి ఏడుస్తారు. ఎవురూ కొనరు."

నేను ఊరుకుంటానా? "ఎవురూ కొనకపోతే చెడిపోయి ఎట్ల తిరిగొస్తాది? అది గట్టిదని ఎట్ల చెప్తావయ్యా?" అంటి. శెట్టి కిసుక్కున నవ్వె. మా ఆయన గూడా నవ్వినాడు. "అందుకే గదే విప్పేది" అని స్క్రూడ్రైవరు తీసినాడు.

విప్పి నన్ను దగ్గరికి పిలిచి చూపించినాడు. లోపల ఇత్తడి పండ్లచక్రాలు. ముందరవి రెండు, ఎనకవి రెండు, నాలుగు చక్రాలూ మోటారే తిప్పుతాది. ఒక చక్రం ఎత్తి శెట్టి చెప్పు మీద పెట్టినాడు. తక్కిన మూడూ నేలను వదల్లేదు. టైరును బొటనవేలితో ఒత్తినాడు, మెత్తగా దిగింది. మళ్లీ మూసి, అంగడి బయట రోడ్డుకని పోసిన కంకర కుప్ప మీద వదిలినాడు. అబ్బా, ఎంత నిదానం! నేనయితే ఆలోపల ఒక కునుకు తీసుండొచ్చు. కానీ ఎక్కింది. ఎక్కి, అవతల దిగింది. ఒక్కసారి గూడా బోర్లా పడలేదు. బజారులో జనం గుమిగూడినారు. శెట్టి గడప దిగొచ్చి నడుము మీద చేతులు పెట్టుకోని చూసినాడు.

ఆయన తిరిగొచ్చి, "ఈ సంచిలోవి బాగయ్యేవి బాగుచేసిస్తా, ఈ లారీ ఇస్తావా?" అన్నాడు. శెట్టి ఒప్పుకున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చోని పదకొండు బండ్లు నడిపించినాడు మా ఆయన. బస్సెక్కేటప్పుడు శెట్టి నాకు ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉత్తగా ఇచ్చి, "అమ్మా, నీ గండ బలే మనిషి" అన్నాడు. నీ మొగుడని. దోవ పొడుగునా నేను ఆ లారీ పెట్టెను ఒళ్లో పెట్టుకోని కూర్చున్యా.

బేస్తవారానికి నాలుగు రోజులుండె. చక్రాల లోపల గూళ్లలో పాత నట్లు కుక్కినాడు, బరువు కిందనే ఉంటే బోర్లా పడదని. టైర్ల మీద సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగినాడు. ఇంకొకటి చేసినాడు, అది తలుచుకుంటే నాకు ఇప్పుడూ ఒళ్లు పొంగుతాది. రాయి లోపలికి పోతే రిమోటు మాట బండికి అందదంట. అందుకని దారం బదులు మోటారుకు చుట్టే తీగె కట్టినాడు. బిందె కట్టి చేదినా తెగదు ఆ తీగె. దాని కొస లారీ లోపల ఏరియల్‌కు టంకం పెట్టినాడు. "తీగె ఎనకాల్నే రిమోటు మాట గూడా లోపలికి పోతాది" అన్నాడు. ఏ ఇంజనీరు నేర్పించినాడు ఈయప్పకు? ఏడో తరగతి తప్పిన మనిషి!

ఊర్లో ఎగతాళి మాత్రం తక్కువ లేదు. "ఏమప్పా మద్దిలేటీ, లైసెన్సు తీసుకున్యావా?" అని ఒకడు. "కిలీనరుగా నన్ను పెట్టుకోన్నా" అని ఇంకొకడు. మా ఆయన పలకడు. పలకాల్సినవన్నీ నేనే పలికితి. వాళ్లు మళ్లీ మా కొట్టం దిక్కు రాలేదు.

బేస్తవారం తెల్లారింది. మా దిక్కు కొత్త బండి ఏదొచ్చినా, ట్రాక్టరైనా, టీవీఎస్ అయినా, పూజ చేయందే కదిలించరు. ఇదీ లారీనే గదా. అందులో ఆ పొద్దు అరవై జీవాల ప్రాణం మోసే లారీ. ఆయన స్నానానికి పోయినప్పుడు, నేను దాన్ని పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, దండేసి, టెంకాయ కొట్టి, ఆ నీళ్లు దాని నెత్తిన పోసి దండం పెట్టుకుంటి. అందరూ బండి మీదనే గదా పోసేది. ఆయనొచ్చి ముందర బొట్టు చూసి నవ్వినాడు. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెడితి. ఆ లారీ నిమ్మకాయను చిదమలేదు, ఎక్కి దిగింది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్యాం. నీళ్లు పోసిన సంగతి నేను చెప్పలేదు. చెప్పాల్సిన మాటని గూడా నాకు తోచలేదు.

గుండ్లకొండ కాడికి పోతే ఊరు ఊరంతా ఆడనే ఉంది. కొండ కింద పెద్దన్న లారీ నిలబడుకోని ఉంది, ఎనక తలుపు దించి. హనుమక్కను మంచంతో సహా మోసుకొచ్చినారు. గొర్రెలు ఖాళీ తొట్టి చుట్టూ నిలబడి నాలుకతో రాయిని నాకుతాండాయి. రామాంజనేయులని, మా ఊరి లైనుమ్యాన్, గుండెక్కి అవతల దొన కాడ కాపుండినాడు. తీగె చుట్టిన కట్టె నా చేతికిచ్చి, "నేను చెప్పినంత వదులు" అన్నాడు మా ఆయన. లారీని సందులో పెట్టి, రాతికి చెవి ఆనించి, కండ్లు మూసుకున్నాడు.

లోపల ఏమైతాందో కంటికి కనపడదు. ఆయనకు మోటారు సద్దే కండ్లు. "మూలుగుతాంది, ఎక్కుతాంది... ఉత్తగా తిరుగుతాంది, చక్రం గాల్లో ఉంది..." అని గొణుక్కుంటా ఎనక్కి లాగుతాడు, మళ్లీ ముందుకు తోలుతాడు. మొదటి వంకర తిరిగింది. నా చేతిలో తీగె కొంచెం కొంచెంగా జారతాంది. అంతలో సద్దు ఆగిపోయె. ఆయన రిమోటు నొక్కినాడు. మళ్లీ నొక్కినాడు. ఏమీ లేదు.

"అయిపాయె. దాన్నీ పాము మింగినట్లుంది!" అన్నాడు తిప్పయ్య మామ. అందరూ గొల్లుమని నవ్వినారు. పెద్దన్న మంచోడే, ఆయప్ప నవ్వలేదు. "హనుమక్కా, ఎండ ఎక్కుతాంది. జీవాలను ఏసుకోమంటావా?" అన్నాడు. ఆయమ్మ కొంగు మొగాన కప్పుకోని చేయి ఊపింది. కానీమని.

"ఒక్క గంట ఆగన్నా" అన్నాడు మా ఆయన. అంత గట్టిగా ఆయన మాట్లాడింది నేను ఎప్పుడూ వినలేదు. పెద్దన్న సరేనని బీడీ ముట్టించి కూర్చున్నాడు.

తీగె పట్టుకోని మెల్లగా ఎనక్కి లాగినాడు. రాయి సందులో ఇరుక్కుంటే ఇంక దాని మొగం చూసేది లేదు. గీసుకుంటా, తన్నుకుంటా వచ్చింది పాపం. ఒక ట్యూబు ముక్క చినిగింది, ఇంకేమీ కాలేదు. చెట్టు నీడకు తీసుకపోయి మూత విప్పినాడు. నేను పక్కనే వంగి చూస్తి. లోపల పచ్చరంగు సర్క్యూటు అట్ట మీద ఎర్రగా కుంకుమ మరక. జిగురు. ఆ జిగురు కాడ రెండు చీమలు.

టెంకాయ నీళ్లు. నేను పోసిన నీళ్లు. ఆయన నా మొగం చూసినాడు. నేను నోరు తెరిచేలోపల, జనం దిక్కు తిరిగి, "టంకం ఊడింది. నా చేతిపనే సరిగా లేదు. బాగైతాది" అని చెప్పేసినాడు. "టంకం పెట్టేది కూడా రాదా?" అని ఎవురో అన్నారు. నేనే పోసినానని చెప్పలేకపోతి. థూ, నా నోరు ఎందుకూ పనికి రాదని ఆ పొద్దు తెలిసింది.

తాగే నీళ్లతో గుడ్డ తడిపి జిగురంతా తుడిచినాడు. ఆమీట టీవీఎస్‌లో నుంచి కొంచెం పెట్రోలు తీసి, పాత పండ్ల బ్రష్షుతో రుద్ది, ఎండ కాగిన రాతి మీద ఆరబెట్టినాడు. లోపల ఇత్తడి పన్ను ఒక్కటి గూడా పోలేదు. గంట కాకముందే చక్రాలు తిరిగినాయి.

మళ్లీ సందులో పెట్టినాడు. మళ్లీ రాతికి చెవి. మొదటి వంకర దాటె. ముందు ఆగిన చోటు దాటె. రెండో వంకర కాడ మూలిగింది, ఆగింది, ఎనక్కొచ్చింది, మళ్లీ మూలిగింది. "కానీ నాయనా, కానీ" అని ఆయన ఆ లారీని బతిమాలతాండాడు. నాతో ఎప్పుడన్నా అంత మెత్తగా మాట్లాడినాడా? తీగె నా చేతిలో నుంచి సర్రున జారింది. గుండు అవతల నుంచి రామాంజనేయులు కేక ఏసినాడు, "వచ్చె! వచ్చెనన్నో! బొట్టు పెట్టుకోని పెండ్లికూతురు మాదిరి వచ్చె!"

ఇంక ఊరంతా కలబడింది. తీగె కొసకు తాడు కట్టినారు, తాడుకు పైపు కట్టినారు. తోస్తే మడత పడిన పైపు, లాగితే చక్కగా పోయింది. పైపు నిండా నీళ్లు పోసి, కింద కొస అరచేత్తో మూసి, పై కొస దొనలో ముంచినారు. మా ఆయన చేయి తీసినాడు. రెండుసార్లు తుపుక్కుమనె, గాలి కక్కె. ఆమీట తొడంత లావుగా కాదు గానీ, మణికట్టంత ధారగా నీళ్లు తొట్టిలో పడె. గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మూతులు పెట్టినాయి. హనుమక్క మంచంలో లేచి కూర్చుని పేరుపేరునా పిలుస్తా ఏడ్చింది. పెద్దన్న బీడీ ఆర్పేసి, పోయి, తన లారీ ఎనక తలుపు ఎత్తి గొలుసు బిగించినాడు.

అంతా మద్దిలేటి మద్దిలేటి అంటాంటే నా ఎదురొమ్ము ఎంత వెడల్పయిందో నాకే తెలుసు. అప్పుడు తిప్పయ్య మామ ఊరుకోకుండా, "ఆ టంకమేదో పొద్దున్నే సరిగా పెట్టింటే మమ్మల్నింత ఎండబెట్టేవానివి కాదు గదప్పా" అన్నాడు. అందరూ నవ్వినారు. మా ఆయన తల దించుకోని తీగె చుట్టుకుంటాండాడు.

నాకు తిక్క రేగింది. తొట్టి గట్టు మీదికి ఎక్కినా. "ఓ మామా! టంకం గింకం ఏమీ ఊడలేదు. ఆయన టంకం ఊడేదే గాదు. పొద్దున లారీ నెత్తిన టెంకాయ నీళ్లు పోసింది నేను! చెడగొట్టింది నేను, బాగుచేసింది ఆయన. ఇంకొకసారి ఆయన చేతిపనిని అన్నారంటే చూడండి!" అని అరిచినా. అరిచి, గట్టు మీదనే ఏడిస్తి.

ఎవురూ నవ్వలేదు. హనుమక్క నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, "నా జీవాల కోసమే గదా పోస్తివి" అన్నది.

ఇంటికి పోయేటప్పుడు దోవలో అడిగినా, "మూత విప్పినప్పుడే తెలుసు గదా నీకు. టంకమని ఎందుకు చెప్తివి?"

ఆయన లారీని చంకలో సర్దుకోని అన్నాడు, "లారీ అయితే విప్పి బాగుచేస్తా. అంతమందిలో నువ్వు తల దించుకుంటే, అది బాగుచేసేది నాకు రాదే."

ఆ లారీ ఇప్పటికీ మా గూట్లోనే, పుట్టినింటి నుంచి తెచ్చుకున్న ఆ రేడియో పక్కనే ఉంటాది. ఎండాకాలం పైపు మార్చల్లంటే దాన్నే దించుతాం. పూజ చేయకుండా మాత్రం కదిలించను. టెంకాయ కొట్టినాక ఆ నీళ్లు గ్లాసులో పట్టి ఆయనకిస్తా. సగం తాగి సగం నాకిస్తాడు.